జెండా పండుగ వెనుక మన తేదీలు

(మెదక్ పట్టణంలో గిరిజన యువత సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని మాకు మైకు ఇచ్చారు. మంచి మాటలు మీకు బడిలో, కాలేజీలో రోజూ చెబుతూనే ఉంటారు. మేము ఈ రోజు మీకు కొన్ని తేదీలు చెప్పాలనుకుంటున్నాం. పరీక్ష కోసం కాదు. మీరు ఎవరో మీకు తెలియడం కోసం.

శ్రావణ మాసంలో మనకు రెండు పండుగలు దగ్గర దగ్గరగా వస్తాయి. ఒకటి తీజ్. రెండోది జెండా పండుగ. తీజ్ గురించి అడిగితే మన ఆడపిల్లలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. బుట్టలో మట్టి ఎందుకు పోస్తారు, గోధుమలు ఎప్పుడు చల్లుతారు, తొమ్మిది రోజులు నీళ్లు ఎవరు పోస్తారు, నిమజ్జనం నాడు అన్నదమ్ముల కాళ్లు ఎందుకు తడుపుతారు, అన్నీ తెలుసు. అదే జెండా పండుగ గురించి అడిగితే, "స్వాతంత్ర్యం వచ్చిన రోజు" అని ఒక్క మాటతో ఆపేస్తారు. ఎవరికి వచ్చింది, మన మెదక్‌కు ఎప్పుడు వచ్చింది, మన తండాకు ఎప్పుడు వచ్చింది అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తప్పు మీది కాదు. మాకు కూడా చాలా కాలం తెలియదు.

మేము ఎలా తెలుసుకున్నామో ముందు చెబుతాం.

కొన్నేళ్ల కింద మన పిల్లవాడు ఒకడు పట్నంలో ఒక హాస్టల్‌లో ఉండి చదువుకునేవాడు. అక్కడ ఎవరిదో ఫోన్ పోయింది. గదిలో పదిమంది ఉంటే ముందు మనవాడి పెట్టె తెరిచారు. తర్వాత మన జాతికే చెందిన ఇంకో పిల్లవాడి పెట్టె తెరిచారు. మిగతా ఎనిమిది పెట్టెలు ముట్టుకోలేదు. ఫోన్ మరునాడు పరుపు కింద దొరికింది. ఆ ఫోన్ గలవాడి పరుపు కిందనే. ఎవరూ మన పిల్లలకు సారీ చెప్పలేదు. అది ఆగస్టు నెల. వాడు ఇంటికి వచ్చి, "ఈసారి జెండా పండుగకు నేను రాను, ఆ స్వాతంత్ర్యం నాది కాదు" అన్నాడు.

మేము వాడిని కూర్చోబెట్టి బుజ్జగించబోయాం. దేశం, త్యాగాలు, గాంధీ తాత అని మొదలుపెట్టాం. పక్కన మంచంలో తొంభైకి దగ్గరపడ్డ ముసలి యాడి పడుకొని వింటున్నది. ఆమె నవ్వింది. "పదిహేను ఆగస్టా? ఆ దినం ఈడ జెండా ఏడిది బిడ్డా? గప్పుడు నైజాం రాజ్యం గదా" అన్నది.

మేము నోరు మూసుకున్నాం. నిజమే కదా. మాకు తట్టలేదు. ఆ రాత్రి నుంచి మేము వెతకడం మొదలుపెట్టాం. దొరికినవి ఇవాళ మీ ముందు పెడుతున్నాం.

మొదటి తేదీ 1947 ఆగస్టు 15. ఢిల్లీలో జెండా ఎగిరింది. మన మెదక్ అప్పుడు హైదరాబాద్ సంస్థానంలో ఉంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారత్‌లో కలవనని, ఇంగ్లీషువాళ్లు పోయాక తాను స్వతంత్రంగానే ఉంటానని 1947 జూన్‌లోనే ఫర్మానా ఇచ్చాడు. కాబట్టి ఇక్కడ మూడు రంగుల జెండా ఎత్తడం పండుగ కాదు, నేరం. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ వాళ్లు ఆగస్టు 7నే భారత్‌లో కలవాలని దినం పాటించారు. జెండాలు ఎత్తినవాళ్లు జైళ్లకు పోయారు. అంటే ఈ రోజు మనం చేతిలో చాక్లెట్ పట్టుకొని చూసే జెండా కోసం ఆ రోజు ఇదే నేల మీద మనుషులు లాఠీ దెబ్బలు తిన్నారు.

రెండో తేదీ 1948 సెప్టెంబర్ 17. మధ్యలో ఏం జరిగిందో గుర్తుంచుకోండి. 1947 నవంబర్ 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాదిపాటు ఎక్కడివాళ్లు అక్కడ అన్న ఒప్పందం. కానీ పల్లెలు ఎక్కడివక్కడ లేవు. ఒకవైపు దేశ్‌ముఖ్‌ల, జాగీర్దార్ల వెట్టిచాకిరీ మీద రైతులు తిరగబడుతున్నారు. ఇంకోవైపు ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. యాడి చెప్పింది, జొన్నలు పాతరలో పెట్టి పైన పిడకలు పేర్చేవారట. కుక్కలు మొరిగితే పిల్లల్ని తీసుకొని అడవిలోకి పోయేవారట. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నలువైపుల నుంచి సంస్థానంలోకి వచ్చింది. పేరు ఆపరేషన్ పోలో. మన పెద్దలు ఇప్పటికీ పోలీస్ యాక్షన్ అనే అంటారు. ఐదు రోజుల్లో ముగిసింది. 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు.

లెక్క కట్టండి. ఢిల్లీలో జెండా ఎగిరిన రోజు నుంచి ఆ రోజుకు 399 రోజులు.

ఆ తేదీకి ఇవాళ ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు సమైక్యత అంటారు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది. మీరు ఏ పేరు పెట్టుకున్నా సరే, ముందు జరిగింది పూర్తిగా తెలుసుకోండి. పూర్తిగా అంటే మనకు నచ్చనిది కూడా. పోలీస్ యాక్షన్ తర్వాత సంస్థానంలోని కొన్ని జిల్లాల్లో ఏ పాపం ఎరుగని ముస్లింల మీద పగ తీర్చుకున్నారు. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదిక చాలా కాలం బయటికి రాలేదు. ఒక జాతి మొత్తాన్ని అనుమానించడం అంటే ఏమిటో మనకు తెలుసు. కాబట్టి ఇంకొకరికి జరిగినప్పుడు మనం కళ్లు మూసుకోకూడదు.

ఈ కాలంలో మనవాళ్లు ఏం చేశారు? చూస్తూ కూర్చున్నారా? లేదు. ఇప్పటి జనగామ జిల్లాలో ధర్మాపురం దగ్గర తండాలో జాటోత్ థాను నాయక్ అని ఒక రైతు ఉండేవాడు. విసునూరు దేశ్‌ముఖ్ లంబాడల భూములు కాజేయబోతే ఆయన, ఆయన అన్నదమ్ములు ఎదురు నిలబడ్డారు. తెలంగాణ సాయుధ పోరాటంలో దళంతో పనిచేశారు. థాను నాయక్ ఎప్పుడు చనిపోయాడో తెలుసా? 1950లో. అంటే నిజాం లొంగిపోయిన తర్వాత. జెండా మారింది, కానీ భూమి మీద గొడవ అంత తొందరగా తీరలేదు. ఆదిలాబాద్ అడవుల్లో జల్ జంగల్ జమీన్ కోసం నిలబడిన కొమురం భీం 1940లోనే జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆయన కంటే ఎనభై ఏళ్ల ముందు, 1860లో, నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయన మనుషులను మర్రిచెట్టుకు ఉరితీశారు. ఈ పేర్లు దండలు వేయడానికి మాత్రమే కాదు. జెండా ఎగరకముందే జెండా పని చేసినవాళ్లు వీళ్లు.

భూమి మాట వచ్చింది కాబట్టి ఇంకో ఆగస్టు 15 చెబుతాం. 1949 ఆగస్టు 15. ఆ రోజు హైదరాబాద్‌లో జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. మరుసటి ఏడాది కౌలుదారీ చట్టం వచ్చింది. మీ ఇంట్లో పాత పెట్టెలో ఏదైనా పట్టా కాగితం ఉంటే దాని మీద 1358 ఫసలీ అనో, ఇంకో ఫసలీ సంవత్సరమో ఉండవచ్చు. భయపడకండి. దానికి 590 కలపండి. కొన్ని నెలలకైతే 591. మనకు తెలిసిన సంవత్సరం వచ్చేస్తుంది. ఆ కాగితం చించి పొయ్యిలో వేయకండి. అదీ చరిత్రే.

ఇక మూడో తేదీ. దీని కోసమే ఆ పిల్లవాడు అలిగాడు. వాడికి ఆ సంగతి తెలియదు, మాకూ తెలియదు.

మన తాతముత్తాతలు ఎవరు? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగి అమ్మినవాళ్లు. మొఘల్ సైన్యాలు దక్కన్‌కు వచ్చినప్పుడు వాటికి తిండిగింజలు మోసింది బంజారాల ఎద్దులే. అప్పుడు మనం లేకుండా రాజులకు యుద్ధం లేదు, ఊళ్లకు ఉప్పు లేదు. తర్వాత రోడ్లు పడ్డాయి, రైళ్లు వచ్చాయి. మన నైజాంలోనే వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు నడిచింది. పదివేల ఎద్దులు మోసేది ఒక రైలు మోసింది. వ్యాపారం పోయింది. తిరిగే అలవాటు మిగిలింది. ఒకచోట ఉండని మనిషిని చూస్తే ఇంగ్లీషు దొరకు అనుమానం.

1871లో వాళ్లు ఒక చట్టం చేశారు. నేరస్త జాతుల చట్టం. మొదట ఉత్తరాదిలో అమలు చేసి, 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీతో సహా దేశమంతా పెట్టుకునేలా చేశారు. ఆ చట్టం మాట ఒక్కటే. ఫలానా కులంలో పుట్టినవాడు పుట్టుకతోనే నేరస్తుడు. దొంగతనం చేశాడా లేదా అని అడగక్కర్లేదు. ప్రభుత్వం గెజిట్‌లో జాతి పేరు వేస్తే చాలు. దాని మీద కోర్టుకు పోయే దారి లేదు. పేరు రిజిస్టర్‌లో రాస్తారు. వేలిముద్రలు తీసుకుంటారు. పోలీసు ముందో, పటేల్ ముందో హాజరు ఇవ్వాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. సెటిల్‌మెంట్లు అని పెట్టి కుటుంబాలకు కుటుంబాలను కాపలాలో ఉంచారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా రాసుకున్నారు.

మన ఎరుకల సోదరులకు స్టువర్ట్‌పురం పేరు తెలియనిది కాదు. బాపట్ల వైపు ఉంది. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద, సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో నడిచిన సెటిల్‌మెంట్ అది. సినిమాల్లో ఆ ఊరిని దొంగల ఊరుగా చూపించారు. అది మనుషుల్ని తెచ్చి పెట్టిన బందెలదొడ్డి అని ఎంత మంది చెప్పారు? మద్రాసు వైపు ఎరుకలతోపాటు మన సుగాలీ బృందాలనూ ఆ జాబితాల్లో చేర్చారు. జాబితా మద్రాసుదే కావచ్చు. అనుమానానికి పొలిమేర ఉండదు. అది మాటల్లో, సామెతల్లో, ఠాణాల్లో, చివరికి హాస్టల్ గదుల్లోకి కూడా నడిచి వచ్చింది.

1947 ఆగస్టు 15న దేశానికి స్వేచ్ఛ వచ్చిన రోజు కూడా ఈ చట్టం దేశం నుంచి పోలేదు. మద్రాసు, బొంబాయి లాంటి చోట్ల తమ వరకు ముందే ఎత్తేశారు. దేశం మొత్తం మీద ఏం చేయాలో చూడమని 1949లో ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు మన తెలుగునేల మనిషే. తిరుపతి వైపు నుంచి వచ్చి, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన అనంతశయనం అయ్యంగార్. ఈ చట్టం ఉండకూడదని ఆ కమిటీ చెప్పింది. చివరికి 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది.

ఆగస్టు 15 నుంచి మళ్లీ లెక్క కట్టండి. ఐదేళ్ల పదహారు రోజులు. జెండా కింద నిలబడి జనగణమన పాడినవాళ్లలో కొందరు పాట అయిపోగానే ఠాణాకు పోయి హాజరు వేయించుకున్న రోజులు అవి. అందుకే దేశంలో విముక్త జాతుల వాళ్లు ఆగస్టు 31ని విముక్త దినంగా జరుపుకుంటారు. మన క్యాలెండర్లలో ఆ తేదీ ఎర్రరంగులో ఉండదు. మన మనసులో ఉండాలి.

చట్టం పోయింది, దాని నీడ పోలేదు. దాని స్థానంలో రాష్ట్రాల్లో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. పేరు మనిషిది, చూపు మాత్రం జాతి మీద. మొన్న 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్ష మీద తీర్పు ఇస్తూ, విముక్త జాతుల వాళ్లను ఊరికే అరెస్టు చేయకూడదని పోలీసులకు గుర్తుచేయాల్సి వచ్చింది. చట్టం పోయిన డెబ్బై రెండేళ్లకు కూడా చెప్పాల్సి వచ్చిందంటే చూసుకోండి.

జనవరి 26కూ ఇలాంటి కథే ఉంది. 1930 జనవరి 26న సంపూర్ణ స్వరాజ్యం అని ప్రతిజ్ఞ చేసిన రోజు కాబట్టి రాజ్యాంగం అమలుకు ఆ తేదీ పెట్టుకున్నారు. ఆ రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గట్టిగా మాట్లాడిన మనిషి జైపాల్ సింగ్ ముండా. 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు కెప్టెన్. ప్రజాస్వామ్యం మాకు మీరు నేర్పేది కాదు, అది మా దగ్గర ఎప్పటి నుంచో ఉంది అన్న అర్థంలో ఆ సభలో నిలబడి చెప్పాడు. మన తండాలో నాయక్, డావ్ కార్భారి అందరూ కూర్చొని పంచాయితీ చేసే పద్ధతి తెలిసినవాళ్లకు ఆ మాట ఎంత నిజమో అర్థమవుతుంది. నిజాం 1949 నవంబర్ 23న ఫర్మానా ఇచ్చి ఆ రాజ్యాంగాన్ని ఒప్పుకున్నాడు. అలా 1950 జనవరి 26న మెదక్ రైతు కూడా భారత పౌరుడయ్యాడు.

అయినా తెలంగాణ లంబాడ, ఎరుకల పేర్లు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి రావడానికి 1976 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అమలైంది 1977లో. అప్పటిదాకా ఆంధ్ర ప్రాంతంలోని మన చుట్టం గిరిజనుడు, ఇక్కడి మనం కాదు. ఇవాళ మీరు తీసుకునే సర్టిఫికెట్ వెనుక అంత నిరీక్షణ ఉంది. దీని మీద గోండు, కోయ సోదరులకూ మనకూ మధ్య మాటలు, కోర్టు కేసులు ఉన్నాయి. వాళ్ల బాధ వాళ్లకుంది, మన బాధ మనకుంది. చరిత్ర తెలిసినవాడు ఎదుటివాడి బాధ కూడా వింటాడు. ఫోన్‌లో వచ్చినదల్లా ముందుకు పంపి అన్నదమ్ముల మధ్య చిచ్చుపెట్టడు.

ఇక చివరి తేదీ, మీరందరూ కళ్లారా చూసినది. 2018లో పంచాయతీరాజ్ చట్టం మారి రాష్ట్రంలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత గ్రామపంచాయతీలు అయ్యాయి. 2019 జనవరిలో ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 15న ఎన్నో తండాల్లో మొదటిసారి మన సర్పంచ్, మన నడివీధిలో జెండా తాడు లాగాడు. కొన్నిచోట్ల లాగింది మన ఆడబిడ్డ. అంతకుముందు మనం పక్క ఊరికి పోయి వెనుక వరుసలో నిలబడి చూసేవాళ్లం.

ఆ పిల్లవాడికి ఇవన్నీ ఒక్కరోజులో చెప్పలేదు. తెలిసినకొద్దీ చెప్పాం. ఒకరోజు వాడే అడిగాడు, "అంటే నా పెట్టె తెరిచింది 1871 వాళ్లా?" అని. మేము అవునని అనలేదు, కాదని అనలేదు. పెట్టె తెరిచినవాడికి ఆ చట్టం పేరు కూడా తెలిసి ఉండదు, అయినా దాని పని చేశాడు అని చెప్పాం. వాడు తర్వాతి ఏడాది జెండా పండుగకు వచ్చాడు. చాక్లెట్ తీసుకోలేదు. మైకు అడిగి ఈ తేదీలు చదివాడు. కొందరు పెద్దలు పండుగ నాడు ఇవన్నీ ఎందుకని విసుక్కున్నారు. కానీ యాడి చివరిదాకా కూర్చొని విన్నది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, జెండాను తక్కువ చేయడానికి మేము ఇది చెప్పలేదు. ఆ జెండా మనది. అయితే అది మన దగ్గరికి ఒకేసారి రాలేదు. 1947లో ఢిల్లీకి వచ్చింది, 1948లో మెదక్‌కు వచ్చింది, 1952లో మన ఒంటి మీది ముద్ర దగ్గరికి వచ్చింది, 2019లో మన తండా నడివీధికి వచ్చింది. ఇంకా కొన్ని గదుల్లోకి రావాల్సి ఉంది. ఆ మిగిలిన దారి నడిపించాల్సింది మీరు.

మీకు మూడు పనులు చెప్పి ముగిస్తాం.

ఒకటి. మీ తండాలో ఎనభై ఐదు దాటినవాళ్లు ఎవరున్నారో ఈ వారమే చూడండి. పోలీస్ యాక్షన్ నాడు ఎక్కడున్నారు, భూమి ఎలా వచ్చింది, ఎలా పోయింది, మొదట బడికి పోయింది ఎవరు అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. గోర్ బోలీలో చెబితే గోర్ బోలీలోనే ఉంచండి. మన భాషకు సొంత లిపి లేదని సిగ్గుపడకండి. గొంతు ఉంది కదా. మా యాడి గొంతు మేము ఒక్క గంటే రికార్డు చేశాం. ఇంకొంచెం ముందే మొదలుపెట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నాం. మీరు ఆ తప్పు చేయకండి.

రెండు. ఇంట్లో పాత కాగితాలు జాగ్రత్త చేయండి. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర పురావస్తు పత్రాల కార్యాలయం ఉంది. నిజాం కాలం దస్త్రాలు అక్కడున్నాయి. డిగ్రీ, పీజీ చదివేవాళ్లు ఒక్కసారైనా పోయి రండి. ఉర్దూ చదవగల మిత్రుడిని తోడు తీసుకుపోతే ఇంకా మంచిది.

మూడు. వచ్చే ఆగస్టు 31న మీ తండాలో పదిమంది కూర్చోండి. పెద్ద ఖర్చు వద్దు, ఫ్లెక్సీలు వద్దు. చిన్నపిల్లలకు ఈ తేదీలు చెప్పండి. మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు తెరిచారని, దాన్ని కట్టేటప్పుడు కరువులో పనిచేసినవాళ్లకు అన్నం పెట్టారని మన పట్టణంలో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. ఎందుకంటే ఆ కథ ఎవరో ఒకరు వాడికి చెప్పారు. మన కథ చెప్పాల్సింది మనమే.



జై సేవాలాల్. జై హింద్. జై తెలంగాణ.